రెండు రీడింగుల మధ్య గీత

జూలై వస్తే గోదావరి జిల్లాల్లో అందరి నోటా అంకెలే. భద్రాచలంలో ఎంతుంది, ధవళేశ్వరంలో ఎంతుంది, సముద్రంలోకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు. లంక ఊళ్లలో పశువులను ఏటిగట్టు మీదికి తోలాలా, సామాన్లు అటక ఎక్కించాలా అన్నది ఈ అంకెలను బట్టే తేల్చుకుంటారు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడు అంకెలూ డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అయితే 12.4 అడుగులు అని ఒక్క అంకె చెబితే అది సగం కబురే. గోదారి ఆ మట్టానికి ఎక్కుతూ వచ్చిందా, పైనుంచి దిగుతూ వచ్చిందా? గంటకు అంగుళం చొప్పున పెరుగుతోందా, అరడుగు చొప్పునా? రెండో హెచ్చరిక రాత్రికే వస్తుందా, రేపటిదాకా ఆగుతుందా? పట్టికలో ఇరవై అంకెలు వరుసగా ఉన్నా, ఈ ప్రశ్నలకు జవాబు చూడగానే దొరకదు. అవే ఇరవై అంకెలను గ్రాఫు మీద గీతగా కలిపితే వాలు కనిపిస్తుంది. కాలంతో మారే అంకెలను ఇలా గీతగా చూపే పద్ధతిని 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ వాసి ఇంగ్లండు ఎగుమతి, దిగుమతుల లెక్కల కోసం వాడాడు. ఇప్పుడు ఆ పని ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన నాలుగు లైన్ల కోడ్‌తో అయిపోతుంది.

అందుకు ఎక్కువమంది వాడేది, ముందే రాసిపెట్టిన ఆదేశాల సంచి లాంటి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ. జాన్ హంటర్ అనే అమెరికన్ న్యూరోబయాలజిస్టు మూర్ఛ రోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను పరిశీలించే పనిలో దీన్ని తయారుచేసుకున్నాడు. 2003లో బయటికి వచ్చింది. 2012లో ఆయన చనిపోయాక కూడా వాలంటీర్లు దాన్ని నిలబెట్టి పెంచుతున్నారు. పూర్తిగా ఉచితం. డిప్లొమా పిల్లల ప్రాజెక్టు నుంచి పెద్ద పరిశోధన పత్రాల దాకా గ్రాఫులు ఇందులోనే గీస్తున్నారు.

అది చేసే పని చాలా చిన్నది. ప్లాట్ అనే ఆదేశానికి రెండు వరుసలు ఇవ్వాలి. ఒకటి అడ్డంగా వేసేది, అంటే తేదీలో గంటలో. రెండోది నిలువుగా వేసేది, అంటే అడుగులో క్యూసెక్కులో. లైబ్రరీ మొదటి జతకు ఒక చుక్క, రెండో జతకు ఒక చుక్క పెట్టుకుని వాటి మధ్య తిన్నగా గీత లాగుతుంది. తర్వాత రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు. ఇచ్చిన వరుసలోనే కలుపుతుంది. మామూలుగా చుక్కలను చూపించదు కూడా, గీత మాత్రమే కనిపిస్తుంది.

జాగ్రత్త పడాల్సింది సరిగ్గా ఇక్కడే. చుక్క అంటే ఎవరో గేజు దగ్గర నిలబడి కొలిచినది. చుక్కకూ చుక్కకూ మధ్య గీతను ఎవరూ కొలవలేదు. ఉదయం ఆరింటికి 11 అడుగులు, సాయంత్రం ఆరింటికి 13 అడుగులు అయితే మధ్యాహ్నం పన్నెండింటికి 12 అడుగులు ఉందని ఆ గీత చెబుతోంది. అది గీసినవాళ్ల మాటే తప్ప కొలత కాదు. అది నిజమో కాదో లైబ్రరీకి తెలియదు, ఏ రెండిటిని కలపమంటే ఆ రెండిటినీ కలుపుతుంది. గ్రాఫులో వచ్చే తప్పుల్లో చాలామటుకు రంగులవీ అక్షరాలవీ కావు. కలపకూడనివి కలపడం వల్ల వచ్చేవే.

ఒక చిన్న షీటును దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. వరుసగా ఏడు పూటలు రాసుకున్నారనుకుందాం: 10.90, 11.75, 12.60, తర్వాత ఒక పూట రీడింగు తీయలేదు కాబట్టి గడిలో ఒక అడ్డగీత, ఆపైన 13.20, 12.80, 11.90. వరద ఎక్కి, 13.20 దగ్గర ఆగి, దిగింది. ఈ ఫైలును, పట్టికలను చదివే పాండాస్ అనే లైబ్రరీతో చదివించి, ఆ కాలమ్‌ను నేరుగా ప్లాట్‌కు ఇస్తే తెర మీద ఏం వస్తుంది? ఎడమవైపు కింది మూల నుంచి కుడివైపు పై మూల దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకే తిన్నని గీత. దిగిన గోదారి ఎక్కుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది.

కారణం ఆ ఒక్క అడ్డగీత. ఖాళీ గడి ఉంటే పాండాస్ దాన్ని 'విలువ లేదు' అని తీసుకుంటుంది. అడ్డగీతను అలా తీసుకోదు, అది కూడా ఒక అక్షరమే అనుకుంటుంది. కాలమ్‌లో ఒక్క గడి అక్షరమైతే మొత్తం కాలమ్ అక్షరాలైపోతుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు అక్షరాలు అందితే వాటిని ఊళ్ల పేర్లలాంటి పేర్లుగా చూసి, ఏది ముందు వస్తే దానికి కింది మెట్టు, తర్వాత వచ్చినదానికి పై మెట్టు ఇస్తుంది. నిలువు అక్షం మీద 13.20 పైన 12.80, దానిపైన 11.90 ఉంటాయి. ఎర్రర్ రాదు. గీత ఎంత శుభ్రంగా ఉంటుందంటే, తొందరలో ఉన్న మనిషి దాన్నే వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు, లంకలో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మన షీట్లలో ఇంకో అలవాటు కూడా ఇదే పని చేస్తుంది. 10,12,000 అని కామాలతో రాసిన ప్రవాహం లెక్క కూడా కంప్యూటరుకు అక్షరమే. చదివించేటప్పుడే అడ్డగీత అంటే విలువ లేదని, కామాలు తీసేయమని చెప్పాలి. గీసేముందు ప్రతి కాలమ్‌ రకం ఏమిటో ఒకసారి అడిగి చూసుకోవాలి. అర నిమిషం పని.

తేదీలతో కూడా ఇలాంటి తంటాయే. మనం 08-07-2022 అని రాస్తే జూలై 8. అమెరికా లెక్కలో అది ఆగస్టు 7. పాండాస్ పాత వెర్షన్లు ఒక్కో గడినీ విడిగా చదివేవి. 13, ఆపై అంకెలు నెలకు సరిపోవు కాబట్టి ఆ తేదీలను సరిగ్గా జూలైలోనే పెట్టేవి, 8 నుంచి 12 దాకా తేదీలను మాత్రం ఆగస్టు 7, సెప్టెంబరు 7 అంటూ డిసెంబరు దాకా చెల్లాచెదురు చేసేవి. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. ఆ వరద తాలూకు రీడింగులను ఇలా వేస్తే గీత ఐదు నెలల మీదుగా వెళ్లి వెనక్కి వచ్చి గజిబిజి అవుతుంది. కొత్త వెర్షన్లు మొదటి గడిని బట్టి పద్ధతి పట్టుకుని, సరిపోనిది ఎదురైతే ఆగిపోతాయి. అది మేలే. అయినా రోజు ముందు, నెల తర్వాత అని మనమే చెప్పడం అన్నిటికంటే మంచిది. తేదీలను అసలు తేదీలుగా మార్చకుండా అక్షరాలుగానే వదిలేస్తే, మధ్యలో నాలుగు రోజులు లేకపోయినా 5వ తేదీ పక్కనే 10వ తేదీ వచ్చి కూర్చుంటుంది. ఐదు రోజుల్లో పెరిగిన మట్టం ఒక్కరోజులో పెరిగినట్టు ఉంటుంది.

లేని రీడింగును ఏం చేయాలన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. గేజు దగ్గరికి మనిషి వెళ్లలేని రాత్రి, కరెంటు, సిగ్నల్ పోయిన రాత్రి ఏది? వరద బాగా ఉన్న రాత్రే. అంటే రీడింగులు పోయేది ఎప్పుడో ఒకప్పుడు కాదు, మనకు అన్నిటికంటే కావలసిన గంటల్లోనే పోయే అవకాశం ఎక్కువ. ఆ వరుసలను షీటు నుంచి తీసేసి గీస్తే, అటు ఇటు ఉన్న రెండు చుక్కలను లైబ్రరీ తిన్నగా కలిపేసి శిఖరాన్ని నరికేస్తుంది. వరుస ఉంచి, విలువ లేదని గుర్తు పెడితే గీత అక్కడ తెగిపోతుంది. చాలామంది ఆ తెగిన చోటు చూసి గ్రాఫు పాడైందనుకుని అతికిస్తారు. అతికించకూడదు. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే. ఇంకో చిక్కు ఉంది. రీడింగు లేని పూట షీటులో అసలు వరుసే రాయకపోతే, విలువ లేదన్న గుర్తు కూడా ఉండదు, గీత చల్లగా కలిసిపోతుంది. ముందు పన్నెండు గంటలకొకటి చొప్పున పూర్తి వరుస తయారుచేసుకుని, దానికి రీడింగులను సర్దాలి. పాండాస్‌లో ఇది ఒక్క ఆదేశం.

గీత ఎలా మోసం చేస్తుందో నదిలో కంటే రొయ్యల చెరువులో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్య వేసిన రైతులందరికీ డీవో అంటే తెలుసు, నీటిలో కరిగిన ఆక్సిజన్. పగలు ఎండకు నీటిలోని పచ్చని నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, మధ్యాహ్నం మూడు, నాలుగింటికి డీవో బాగా పెరుగుతుంది. పొద్దు గుంకాక ఆ నాచే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, రొయ్యలూ పీలుస్తాయి, అడుగున కుళ్లుతున్న మేతా లాగుతుంది. రాత్రంతా తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజామున అడుగంటుతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రిళ్లు తిరిగేది అందుకే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడింటికి మాత్రమే మీటరు పెట్టి చూసే చెరువు ఒకటి ఉందనుకుందాం. వారం రోజుల రీడింగులు 8.8, 9.1, 9.0, 9.4, 9.3, 9.6, 9.8 పీపీఎం, అంటే లీటరు నీటికి అన్ని మిల్లీగ్రాములు. గీస్తే నెమ్మదిగా ఎక్కే చక్కని గీత. చెరువు రోజురోజుకీ బాగుపడుతున్నట్టు ఉంటుంది. కానీ అదే వారం తెల్లవారుజాము ఐదింటికి కొలిచి ఉంటే 4.6, 4.4, 4.1, 3.9, 3.6, 3.3, 3.0 వచ్చి ఉండొచ్చు. రెండూ ఒకే చెరువు, ఒకే వారం. నాచు దట్టమయ్యేకొద్దీ పగలు ఎక్కువ ఇస్తుంది, రాత్రి ఎక్కువ తింటుంది. మధ్యాహ్నపు గీత ఎక్కుతోందంటే సంతోషించాల్సిన పని లేకపోగా, తెల్లవారుజాము మీద అనుమానం రావాలి. మూడు పీపీఎం దగ్గర రొయ్య బాధపడుతుంది. ఆ పైన రెండు రోజులు మబ్బు పట్టినా, ఒక రాత్రి కరెంటు పోయినా పంటే పోతుంది.

రెండు పూటల రీడింగులూ ఉన్నప్పుడు వాటిని కాలక్రమంలో ఒకే గీతగా కలిపితే రంపపు పళ్లు వస్తాయి, అందులో ఏదీ తేలదు. ఐదింటి రీడింగులు ఒక గీత, మూడింటి రీడింగులు ఇంకో గీత వేయాలి. ప్లాట్‌ను రెండుసార్లు పిలిస్తే చాలు. రెండు గీతల మధ్య జాగాను లేత రంగుతో నింపే ఆదేశం కూడా ఉంది, ఫిల్ బిట్వీన్. అప్పుడు కళ్లు చూసేది మట్టాన్ని కాదు, ఆ రంగు పట్టీ వెడల్పును. పట్టీ వెడల్పవుతోందంటే నాచు ముదురుతోందని అర్థం. దీన్ని వరసగా ఏడు రోజులు చూసిన రైతుకు నీళ్లు ఎప్పుడు మార్చాలో, మేత ఎప్పుడు తగ్గించాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇలాంటి గ్రాఫు ఒక్కటి నేర్చుకుంటే ఈ లైబ్రరీ కోసం పెట్టిన టైమంతా గిట్టినట్టే.

కొన్ని అంకెలు అసలు వాలుగా మారవు. సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 2022-23లో 2,040 రూపాయలు, 2023-24లో 2,183, 2024-25లో 2,300, 2025-26లో 2,369. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు కాబట్టి బస్తా లెక్కన 1,530, 1,637.25, 1,725, 1,776.75 అవుతుంది. ఈ నాలుగు చుక్కలను మామూలుగా కలిపితే ధర ఏడాది పొడవునా రోజూ కాస్త కాస్త పెరిగినట్టు వస్తుంది. నిజానికి ధర సీజనంతా కదలకుండా ఉండి, కొత్త సీజను రాగానే ఒక్కసారి గెంతుతుంది. దానికి మెట్ల గీత వేయాలి. ప్లాట్‌లోనే డ్రాస్టైల్ అన్నచోట మెట్లు కావాలని, గెంతు తర్వాతి చుక్క దగ్గరే రావాలని చెబితే అలాగే గీస్తుంది. ఆ మెట్ల మీద బయట మార్కెట్లో రైతుకు నిజంగా అందిన ధరను మామూలు గీతగా వేస్తే, ఏ వారాల్లో అది మెట్టు కిందికి జారిందో ఎవరికైనా కనిపిస్తుంది. ఊళ్లవారీ ధరలకైతే గీతే వద్దు. అంబాజీపేటకూ పాలకొల్లుకూ మధ్య గీత గీస్తే ఆ మధ్యలో ఏముందని? అక్కడ స్తంభాలు వేసుకోవాలి.

రెండు చోట్ల మట్టాలను పక్కపక్కన చూపాలనుకున్నప్పుడు కూడా ఆలోచించాలి. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75కు. రెండు గేజుల సున్నాలు వేరు కాబట్టి 43ను, 11.75ను ఒకే అక్షం మీద పెడితే ధవళేశ్వరం గీత కింద నేలబారుగా పడి ఉంటుంది, దాని కదలికే తెలియదు. దీనికి విరుగుడుగా ఎడమవైపు ఒక కొలమానం, కుడివైపు ఇంకొకటి పెట్టి రెండు గీతలనూ ఒకే చట్రంలో ఇరికించడం చాలామందికి ఇష్టం. ఆ పద్ధతి మీద నమ్మకం పెట్టుకోవద్దనే చెప్పాలి. కుడి కొలమానాన్ని కాస్త సాగదీస్తే రెండు గీతలూ ఎక్కడ కావాలంటే అక్కడ కలుస్తాయి. కలిసినచోట ఏదో జరిగిందని చూసేవాళ్లు అనుకుంటారు, ఏమీ జరిగి ఉండదు. ఒకదాని కింద ఒకటిగా రెండు చట్రాలు పెట్టి, తేదీల అక్షం మాత్రం రెండిటికీ ఒకటే ఉంచాలి. సబ్‌ప్లాట్స్ ఆదేశంలో ఆ సౌకర్యం ఉంది. భద్రాచలం శిఖరం నుంచి కిందికి ఒక నిలువు గీత లాగితే, ధవళేశ్వరం శిఖరం దానికి కుడివైపు ఎంత దూరంలో ఉందో చూడొచ్చు. కింద ఉన్నవాళ్లకు దొరికే టైము అదే.

మట్టాన్ని, ప్రవాహాన్ని కూడా ఒకదాని బదులు ఒకటి వాడుకోకూడదు. ధవళేశ్వరంలో మూడు హెచ్చరికలకూ 10, 13, 17 లక్షల క్యూసెక్కులు అని లెక్క. మొదటి నుంచి రెండో హెచ్చరికకు మట్టం రెండడుగులు పెరిగితే ప్రవాహం మూడు లక్షలు పెరిగింది. రెండు నుంచి మూడుకు నాలుగడుగులు పెరిగితే నాలుగు లక్షలే. అంటే రెండు గీతల ఆకారం ఒకటి కాదు. ఒక గీత వేసి పక్కన రెండో కొలమానం రాసేస్తే తప్పవుతుంది. ప్రవాహం గీసేటప్పుడు ఇంకో సంగతి. పది లక్షలు దాటగానే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షం మీద 1.0, 1.5, 2.0 అని రాసి, పైన మూలలో పది లక్షలతో హెచ్చించుకోమని చిన్న సంకేతం పెడుతుంది. దాన్ని ఎవరూ చూడరు. 1986 వరదలో వచ్చిన 35 లక్షల క్యూసెక్కులు 3.5 అని కనిపిస్తాయి. గీసేముందే లక్షతో భాగించి, అక్షం పక్కన లక్షల క్యూసెక్కులు అని రాస్తే సరి.

నిలువు అక్షం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో మనం చెప్పకపోతే, ఉన్న అంకెలకు సరిపడా లైబ్రరీయే సాగదీసుకుంటుంది. ఎండాకాలంలో రెండంగుళాలు అటూ ఇటూ అయిన మట్టం కూడా తెర నిండా కొండలా లేస్తుంది. గీతకు సున్నా నుంచి మొదలవ్వాలన్న నియమం లేదు, ఆ పట్టింపు స్తంభాలకే. కానీ రోజూ ఒకే చోటి గ్రాఫు ఇచ్చేవాళ్లు హద్దులు ఒకసారి ఖాయం చేసి మార్చకుండా ఉంచాలి, మూడు హెచ్చరికలకూ మూడు అడ్డగీతలు ఎప్పుడూ ఉండాలి. ఆ మూడింటికి ఎంత దూరంలో ఉన్నామన్నదే జనం చూసేది.

గీత అందంగా వంపులు తిరగాలని స్ప్లైన్ అనే వంపు గీత వేసి నునుపు చేయడం మాత్రం వరద లెక్కల్లో చేయరాని పని. వంపు చుక్కలన్నిటి గుండా పోతూనే, రెండు చుక్కల మధ్య వాటికంటే పైకి లేవగలదు. 13.60 దాటని మట్టం గ్రాఫులో 13.80 దాకా వెళ్లి రెండో హెచ్చరికను తాకినట్టు కనిపించొచ్చు. వారం సగటు గీత దీనికి రివర్సు, అది శిఖరాన్ని కిందికి నొక్కేస్తుంది. పైగా పాండాస్ సగటును వారం చివరి రోజు దగ్గర పెడుతుంది కాబట్టి శిఖరం ఆలస్యంగా వచ్చినట్టు కూడా ఉంటుంది. ధరలకు పనికొస్తుంది, ప్రాణాల లెక్కకు పనికిరాదు.

ఇక తెలుగు. మన గ్రాఫు మన ఊళ్లో గోడకు అంటించాలంటే అక్షరాలు తెలుగులో ఉండాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డేజావూ సాన్స్ ఫాంటులో తెలుగు లేదు, పెట్టెలు పెట్టెలుగా వస్తుంది. నోటో సాన్స్ తెలుగులాంటి ఫాంటు చూపిస్తే అక్షరాలు వస్తాయి గానీ, చాలాకాలంగా వాడుకలో ఉన్న వెర్షన్లలో వత్తులు కుదరవు. క్యూసెక్కులు అన్న ఒక్క మాటలోనే రెండు వత్తులున్నాయి, రెండూ విడిపోయి పొల్లు అక్షరాలై పక్కపక్కన నిలబడతాయి. ధవళేశ్వరంలో వకారవత్తుకూ అదే గతి. దీనికో దారి ఉంది. బొమ్మను ఎస్‌వీజీ రకం ఫైలుగా దాచుకుంటూ, అక్షరాలను గీతలుగా మార్చొద్దు, అక్షరాలుగానే ఉంచు అని సెట్టింగు పెట్టాలి. ఆ ఫైలును బ్రౌజరులో తెరిస్తే వత్తులు కూర్చే పని బ్రౌజరు చూసుకుంటుంది, మాటలు చక్కగా వస్తాయి. అక్కడి నుంచి పీడీఎఫ్ చేసుకుని ప్రింటు తీయొచ్చు. జెరాక్సులో రంగులన్నీ ఒకే నలుపు అవుతాయి కాబట్టి ఒక గీత నిండుగా, ఇంకోటి చుక్కల గీతగా వేసుకోవాలి. గీత పేరు మూలలో పెట్టెలో కాకుండా గీత చివరే రాయాలి. మార్కర్ పెట్టి ప్రతి చుక్కా కనపడేలా చేస్తే, కొలిచినదేదో కలిపినదేదో చూసేవాళ్లకే తెలుస్తుంది.

కింద ఒక చిన్న లైను కూడా ఉండాలి, ఇలాంటిది: ఉదయం 6, సాయంత్రం 6 గంటల రీడింగులు, 14వ తేదీ సాయంత్రం రీడింగు లేదు, అందుకే గీత తెగింది.